మూఢంలో కూడా ఆగని కిరాయి: ఫొటో సాఫ్ట్‌వేర్‌కు నెలనెలా కట్టాలా, ఒకేసారి కొనుక్కోవాలా?

2024 ఎండాకాలం గుర్తున్న పెళ్లి ఫొటోగ్రాఫర్లకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. ఏప్రిల్ ఆఖర్లో మూఢం మొదలైంది, మే పోయింది, జూన్ పోయింది, హమ్మయ్య మూఢం పోయిందిరా అనుకునేలోపే ఆషాఢం వచ్చి కూర్చుంది. శ్రావణం దాకా హన్మకొండలో నా స్టూడియో షట్టర్ లేపింది పాస్‌పోర్ట్ ఫొటోల కోసం, రెండు మూడు తొట్టెల ఫంక్షన్ల కోసం, అంతే. ఆ రోజులన్నీ, వేల ఫొటోలను ఏరి రంగులు సరిచేసే లైట్‌రూమ్, ఒక్కో ఫొటోను చెక్కే ఫొటోషాప్ కలిసి ఉండే అడోబీ ప్లాన్‌కు నెలకు 800 రూపాయల దాకా కార్డులోంచి పోతూనే ఉంది. 800 పెద్ద మొత్తం కాదు, ఒక్క పెళ్లికి మా లైట్‌బాయ్ ఆటోలకూ టిఫిన్లకూ అంతకంటే ఎక్కువ అవుతుంది. కానీ పని ఉన్నప్పుడు పోయే 800 వేరు, పని లేనప్పుడు పోయే 800 వేరు. సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాలెండర్‌లో నెలలు ఉంటాయి, నా క్యాలెండర్‌లో ముహూర్తాలు ఉంటాయి.

ఆ ఖాళీలోనే కూర్చుని, ఈ కిరాయి వదిలేసి ఒకేసారి పైసలు కట్టి కొనుక్కునేవి ఏమున్నాయో ఒక్కొక్కటీ వేసి చూశాను. చూసి ఊరుకోలేదు, తర్వాత ఏడాదిన్నర పాటు వాటితో నిజంగా పెళ్లి ఆల్బమ్‌లు చేశాను, తిట్టుకున్నాను, కొన్ని వదిలేశాను. ఏ సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని బటన్లు ఉన్నాయో చెప్పే పట్టిక మాత్రం ఇక్కడ దొరకదు.

ముందే ఒక నిజం ఒప్పుకుంటాను, లేకపోతే మిగతాదంతా నీతులు చెప్పినట్టు ఉంటుంది. నేను ఫొటోషాప్ నేర్చుకున్నది దొంగ కాపీ మీదే. అప్పట్లో కంప్యూటర్ అసెంబుల్ చేసిన పిల్లగాడే విండోస్‌తో పాటు ఫొటోషాప్ కూడా వేసి ఇచ్చేవాడు, దానికి ఒక ధర ఉంటుందన్న సంగతి మాలో చాలామందికి తెలియదు. తెలిసినా ఏం చేసేవాళ్లం? 2012లో వచ్చిన ఫొటోషాప్ సీఎస్6 అమెరికాలో 699 డాలర్లు. జిల్లా స్టూడియోవాడు అంత పెట్టి డబ్బా కొంటాడా? వైరస్ వచ్చి ఒక పెళ్లి తాలూకు హార్డ్‌డిస్క్ మొత్తం లాక్ అయ్యాక, ఆ పిల్ల తండ్రి ముందు నిలబడాల్సి వచ్చాక, బుద్ధి వచ్చి అసలుది కొన్నాను. 2016లో లైట్‌రూమ్ 6. ఒకేసారి కట్టడం, ఇక మనదే అన్నమాట. దాని ధర 149 డాలర్లు.

ఆ 'మనదే' ఎంతకాలం నిలిచిందో చెప్తే అసలు విషయం సగం తెలిసిపోతుంది. ఫొటోషాప్‌ను అడోబీ 2013లోనే కిరాయి బాట పట్టించింది, సీఎస్6 తర్వాత ఒకేసారి కొనుక్కునే ఫొటోషాప్ మళ్లీ రాలేదు. లైట్‌రూమ్‌కు మాత్రం 2015లో 6వ వెర్షన్ ఇచ్చి, 2017 అక్టోబర్‌లో ఇక 7 ఉండదని చెప్పేశారు. ఆ డిసెంబర్‌లో వచ్చిన 6.14 ఆఖరి అప్‌డేట్. ఇక్కడే కథ నా మీదికి వచ్చింది. మరుసటి ఏడాది సోనీ ఏ7 మార్క్ 3 వచ్చింది, మా లైన్‌లో సగం మంది దాని మీద పడ్డారు, నేనూ అప్పు చేసి కొన్నాను. ఆ కెమెరా రా ఫైలు, అంటే జేపెగ్‌గా మారని ముడి ఫొటో, లైట్‌రూమ్ 6కు తెలియదు. తెలిసే అవకాశమూ లేదు, అది పుట్టక ముందే దీని చదువు ఆగిపోయింది కదా. దారి లేదని కాదు, అడోబీ వాళ్లదే డీఎన్‌జీ కన్వర్టర్ అని ఉచితంగా ఇస్తారు, కొత్త కెమెరా ఫైళ్లను డీఎన్‌జీ అనే ఇంకో రకం రా ఫైళ్లుగా మార్చి పాత లైట్‌రూమ్‌లోకి లాక్కోవచ్చు. ఇరవై ఫొటోలకైతే బాగానే ఉంటుంది. పరకాలలో ఒక పెళ్లికి నాలుగు వేల ఫొటోలు తీసుకొచ్చి, తెల్లవారి ఇంకో పెళ్లి పెట్టుకుని, రాత్రంతా కన్వర్ట్ చేస్తూ, పైగా మార్చినవి ఒక కాపీ, మార్చనివి ఒక కాపీ అని హార్డ్‌డిస్కులు నింపుకుంటూ ఒక సీజన్ నడిపాను. రెండో సీజన్‌కు నా వల్ల కాలేదు, సబ్‌స్క్రిప్షన్ తీసుకున్నాను.

అంటే సాఫ్ట్‌వేర్ పాతబడి పాడవదు. నాలుగేళ్ల కింద బాగా పనిచేసిన స్లయిడర్ ఇవాళా అట్లాగే పనిచేస్తుంది. పాతబడేది దాని చుట్టూ ఉన్నది: కెమెరా మారుతుంది, విండోస్ మారుతుంది. మ్యాక్ వాడేవాళ్లకైతే 2019లో కాటలినా అనే కొత్త మ్యాక్ వెర్షన్ వచ్చి పాత తరం 32 బిట్ ప్రోగ్రాములను ఆపేయడంతో సీఎస్6 పనికిరాకుండా పోయింది. ఒకేసారి కొనడం అంటే ఆనాటి కెమెరానూ ఆనాటి కంప్యూటర్‌నూ కలిపి కొన్నట్టు. ఆ రెండూ మార్చకుండా ఉండగలిగితే అంత చవక బేరం ఇంకోటి లేదు.

పైసల లెక్క కూడా చాలామంది చెప్పినంత ఒకవైపుగా లేదు. 699 డాలర్ల సీఎస్6 ధరను, మొన్నటిదాకా ఉన్న నెలకు 9.99 డాలర్ల ఫొటోగ్రఫీ ప్లాన్‌తో భాగించి చూడండి, దాదాపు 70 నెలలు వస్తుంది. ఆరేళ్లకు రెండు నెలలు తక్కువ, అదీ లైట్‌రూమ్‌తో కలిపి. కాబట్టి ఫొటోషాప్ విషయంలో కిరాయి పెట్టి దోచుకుంటున్నారని అనేవాళ్లు పాత ధర మర్చిపోయారని నా ఉద్దేశం. అదే లైట్‌రూమ్ ఒక్కటే చాలనుకునేవాడికి లెక్క తిరగబడుతుంది, 149 డాలర్లు పదిహేను నెలల్లో తేలిపోయేవి, ఆ పైన అంతా లాభమే. అయితే కిరాయి అన్నాక ఇంటాయన పెంచుతాడు కదా. 2025 జనవరిలో, ఆన్‌లైన్‌లో 20 జీబీ చోటు ఇచ్చే ఆ 9.99 ప్లాన్‌ను కొత్తవాళ్లకు అమ్మడం ఆపేశారు. పాతవాళ్లకు ఉంచారు గానీ, అమెరికాలో నెలనెలా కట్టేవాళ్లకు 9.99ను 14.99 చేశారు, ఏడాదిది ఒకేసారి కట్టేవాళ్లకు పాత ధరే. కొత్తగా వచ్చేవాళ్లకు 1 టీబీ ప్లాన్, 19.99. ఆ ధరతో భాగిస్తే ఇందాకటి 70 నెలలు 35 నెలలు అవుతాయి.

దీంట్లో మెలిక ఏమిటంటే, పాత ప్లాన్ ఉన్నవాడు ఇప్పుడు మానేస్తే తిరిగి వచ్చేటప్పుడు ఆ తలుపు ఉండదు. మూఢంలో మానేసి మాఘంలో మళ్లీ చేరదాం అనే ఆలోచన నాకూ వచ్చింది, ఇంకా చాలామందికి వచ్చే ఉంటుంది, కానీ కుదరదు. పైగా 'నెలకు ఇంత' అని కనపడేదంతా నెలవారీ ఒప్పందం కాదు. నేను తీసుకున్నది ఏడాది ఒప్పందం, కట్టడం మాత్రం నెలనెలా. మొదటి పద్నాలుగు రోజులు దాటాక మధ్యలో మానేస్తే మిగిలిన నెలల మొత్తంలో సగం రుసుము పడుతుంది. ఈ రుసుమును సరిగా కనపడకుండా పెట్టారని 2024 జూన్‌లో అమెరికా ప్రభుత్వమే అడోబీ మీద కోర్టుకెక్కింది. నేను చేరేటప్పుడు ఆ మాట చదవలేదు. ఎవరు చదువుతారు, టిక్కు పెట్టుకుంటూ పోతాం.

సరే, మరి ఆ కిరాయికి ఏం వస్తోంది? పెళ్లి పనిలో లైట్‌రూమ్ క్లాసిక్‌కు (కంప్యూటర్‌లో నడిచే లైట్‌రూమ్‌కు ఇప్పటి పేరు) సాటి వచ్చేది నాకైతే ఇంకా దొరకలేదు, ఇది కోపంగానే చెప్తున్నాను. మా పని ఒక్క ఫొటోను అద్భుతంగా చేయడం కాదు, నాలుగు వేల ఫొటోలను తప్పు పట్టలేనట్టు చేయడం. జీలకర్ర బెల్లం దగ్గర మంటపం మీద పసుపు లైటు, పక్కన వీడియో వాళ్ల తెల్ల లైటు, వెనుక ఎల్‌ఈడీ గోడ మీద నీలం రంగు. ఈ మూడూ కలిసి పెళ్లికూతురి ముఖం మీద పడతాయి. ఒక ఫొటోలో సరిచేసి దాన్ని మిగతా మూడు వందల ఫొటోల మీద వేస్తే, ఏఐ మాస్కు ప్రతి ఫొటోలో ముఖం ఎక్కడుందో తనే వెతుక్కుని ముఖం వరకే సవరిస్తుంది. ముందు ఇదే పనికి నేనూ మా తమ్ముడూ రెండు రోజులు కూర్చునేవాళ్లం. ఏడాదికి పాతిక పెళ్లిళ్లు చేస్తే, 9,600 రూపాయలు భాగిస్తే పెళ్లికి 384 పడుతుంది. రెండు రోజుల పనిని పూటలో చేసే మనిషి 384కు వరంగల్‌లోనే కాదు, ఎక్కడా దొరకడు.

ఇక నాయిస్, అంటే చీకట్లో తీసిన ఫొటోల మీద కనపడే గింజల సంగతి. మేడారం జాతరకు పోయినవాళ్లకు తెలుసు, చిలకలగుట్ట నుంచి సమ్మక్క దిగి గద్దెకు వచ్చేసరికి చీకటి పడుతుంది, దుమ్ము లేస్తుంది, జనం తోపులాట, ఫ్లాష్ వేసే వీలు లేదు, కెమెరా వెలుతురును పట్టే సున్నితత్వం, ఐఎస్ఓ, 12,800కు తక్కువ పెట్టలేం. ఆ ఫొటోలు పాత లైట్‌రూమ్‌లో తెరిస్తే ముఖాల మీద రవ్వ పోసినట్టు ఉండేవి. 2023 ఏప్రిల్‌లో లైట్‌రూమ్‌కు ఏఐ డీనాయిస్ వచ్చింది, వచ్చాక నా పాత జాతర ఫొటోలన్నీ బయటికి తీసి మళ్లీ చేసుకున్నాను, ఏడాది కిరాయి ఆ ఒక్క వారంలో తీరినట్టు అనిపించింది. కాకపోతే దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. నా పాత కంప్యూటర్‌లో ఒక్కో ఫొటోకు నిమిషాలు పట్టేది, చివరికి కార్డు మార్చాల్సి వచ్చింది. సబ్‌స్క్రిప్షన్‌లో ఎవరూ చెప్పని ఖర్చు ఇదే, కొత్త ఫీచర్ ఉచితంగానే వస్తుంది, దాన్ని మోసే యంత్రం ఉచితంగా రాదు.

ఇదే పనికి ఒకేసారి కొనుక్కునే దారి కూడా ఉంది, దాన్ని తక్కువ చేయను. ఫ్రాన్స్ కంపెనీ డీఎక్స్ఓ వాళ్ల డీప్‌ప్రైమ్ 2020 నుంచే ఉంది, నా కంటికి నాయిస్ తీయడంలో అది లైట్‌రూమ్ కంటే ఒక మెట్టు పైనే. అది ఉండే వాళ్ల పెద్ద సాఫ్ట్‌వేర్ ఫొటోల్యాబ్ మొత్తం ఒద్దనుకుంటే ప్యూర్‌రా అని చిన్నది వేరుగా అమ్ముతారు, రా ఫైలును శుభ్రం చేసి డీఎన్‌జీగా ఇస్తుంది, ఆ తర్వాత మీ ఇష్టం, ఎందులోనైనా తెరుచుకోండి. ట్రయల్‌లో వంద జాతర ఫొటోలు వేసి చూశాను, ముచ్చటేసింది. కొనలేదు. ఫొటోల్యాబ్‌కు ఏడాదికోసారి కొత్త నంబర్ వస్తుంది, కొన్నవాడికి పాత నంబర్ ఎప్పటికీ ఉంటుంది, కొత్తదానికి అప్‌గ్రేడ్ పైసలు. ప్రతిసారీ ఆశపడి అప్‌గ్రేడ్ చేస్తూ పోతే అదీ కిరాయే, పేరే వేరు. మూడేళ్లకోసారి మాత్రమే అని మనసు గట్టి చేసుకోగలిగినవాళ్లకు మంచి సరుకు.

ఇప్పుడు అఫినిటీ. ఇంగ్లండ్‌లోని సెరిఫ్ అనే కంపెనీ అఫినిటీ ఫొటోను 2015లో మ్యాక్‌కు, ఆ మరుసటి ఏడాది చివర్లో విండోస్‌కు తెచ్చింది. 'మా దగ్గర కిరాయి లేదు' అన్నదే వాళ్ల బోర్డు. మొదటి వెర్షన్ 50 డాలర్ల లోపు, దాని మీద ఏడేళ్ల పాటు అప్‌డేట్లు ఉచితం, 2022 నవంబర్‌లో రెండోది వచ్చేదాకా ఇంకో పైసా అడగలేదు. నేను రెండోది కొన్నాను, ఆల్బమ్ డిజైన్ చేసే కంప్యూటర్ కోసం. మా కరిజ్మా ఆల్బమ్ షీటు 12 బై 36 అంగుళాలు, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 3,600 బై 10,800 పిక్సెళ్లు. అలాంటిది ముప్పై లేయర్లతో, అంటే ఒకదాని మీద ఒకటి ముప్పై పొరలతో, తెరిచినా అఫినిటీ హాయిగా కదులుతుంది. మార్కెట్లో కొన్న పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైలు) టెంప్లేట్లు చాలావరకు తెరుచుకుంటాయి, కొన్ని ఎఫెక్టులు మాత్రం అటూ ఇటూ అవుతాయి, ఒకసారి చూసుకుని సరిచేసుకోవాలి. స్కిన్ రీటచ్‌కు ఏ లోటూ లేదు.

మరి ఎక్కడ దెబ్బ కొట్టిందంటే, తెలుగు దగ్గర. ఆల్బమ్ అట్ట మీద పిల్ల పేరు 'లక్ష్మీ ప్రసన్న' అని యూనికోడ్‌లో (ఫోన్లలో మనం కొట్టే మామూలు తెలుగులో) టైప్ చేశాను. క్ష్మీ కాస్తా విడిపోయి క, ష, మ ఎవరి దారిన వాళ్లు నిలబడ్డారు, మధ్యలో పొల్లులు. సెట్టింగుల్లో గంటసేపు వెతికాను, దొరకలేదు, ఎందుకంటే భారతీయ లిపుల వత్తులూ గుణింతాలూ జోడించే ఏర్పాటే అఫినిటీ 2లో లేదు. ఫొటోషాప్ పాత వెర్షన్లలో కూడా మొదటిసారి వేస్తే ఇట్లాగే విడిపోయేది గానీ, ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గరికి వెళ్లి వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టుకుంటే కుదురుకునేది. అఫినిటీలో మేం చేసిన జుగాడ్ ఏమిటంటే పాత అను ఫాంట్లకు వెళ్లిపోవడం. అవి యూనికోడ్ కాదు, ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు పెట్టినవి, కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్‌కైనా అవి ఇంగ్లిష్ లాగే కనపడతాయి, విడిపోవడానికి అక్కడ ఏమీ ఉండదు. ప్రెస్సుల వాళ్లు ఇన్నేళ్లయినా అను వదలకపోవడం వెనుక ఎంత తెలివి ఉందో ఆ రోజు అర్థమైంది. తమాషా ఏమిటంటే పైసా ఖర్చులేని గింప్‌లో యూనికోడ్ తెలుగు చక్కగా వస్తుంది.

అఫినిటీకి రెండో లోటు, లైట్‌రూమ్‌లాంటి క్యాటలాగ్ లేకపోవడం. నాలుగు వేల ఫొటోల్లోంచి ఎనిమిది వందలు ఏరడం, నక్షత్రాలు పెట్టడం, ఒకదాని సవరణ వందల ఫొటోల మీద వేయడం, ఇవన్నీ దాని పని కాదు. అది ఫొటోషాప్‌కు బదులు, లైట్‌రూమ్‌కు కాదు. ఈ తేడా తెలియక కొని తిట్టుకున్న మిత్రులు నాకు కాజీపేటలోనే ఇద్దరున్నారు.

ఆ తర్వాత కథ మలుపు తిరిగింది. 2024 మార్చిలో సెరిఫ్‌ను ఆన్‌లైన్ డిజైన్ కంపెనీ కాన్వా కొనేసింది. మేమంతా ఇక దీనికీ కిరాయి పెడతారని శాపనార్థాలు మొదలుపెట్టాం. జరిగింది ఇంకోటి, 2025 అక్టోబర్ ఆఖర్లో అఫినిటీ పేరు మీదున్న ఫొటో, డిజైనర్, పబ్లిషర్ మూడింటినీ కలిపి ఒకటే చేసి ఉచితంగా ఇచ్చేశారు. కాన్వా ఖాతా ఉంటే చాలు, ఏఐ పనిముట్లు కావాలంటే మాత్రం కాన్వాకు డబ్బు కట్టాలి. పైసలు పెట్టి రెండో వెర్షన్ కొన్న నా మొహం ఎట్లా ఉండి ఉంటుందో ఊహించుకోండి. మా డిజైనర్ పిల్లగాడు నవ్వి, "అన్నా, మీరు కొన్నంక ఊకె ఇస్తున్నరు" అన్నాడు. అయినా నేను రెండో వెర్షన్‌ను తీసేయలేదు. ఉచితంగా ఇచ్చేవాడు రేపు ఏ షరతు పెడతాడో మన చేతిలో లేదు, కొన్నది మాత్రం కొన్నప్పటి షరతు మీదే ఉంది. ఇది భయమే, కాదనను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం నా భయం పట్టించుకోకుండా ఆ ఉచితందే వేసుకోండి.

ఒకేసారి కొన్నదంటే ఎప్పటికీ మనదే అని గుండెల మీద చేయి వేసుకునేవాళ్లకు నా ఇంకో అనుభవం. 2014లో ఒక ఆల్బమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ కొన్నాను, కంపెనీ పేరు ఎందుకు గానీ, కరపత్రం మీద పెద్ద అక్షరాలతో 'లైఫ్‌టైమ్' అని రాసి ఉంది. 12,000 పెట్టాను. మూడేళ్లు బ్రహ్మాండంగా నడిచింది. ఒక వానాకాలం పిడుగు పడి మదర్‌బోర్డు కాలిపోయింది, కొత్తది వేసి సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే కీ తీసుకోదు, అది పాత బోర్డుకు ముడిపడి ఉందట. ఫోన్ చేస్తే ఆ నంబర్ ఉనికిలోనే లేదు. లైఫ్‌టైమ్ అంటే నా జీవితకాలం కాదు, ఆ మదర్‌బోర్డు జీవితకాలం అని అప్పుడు తెలిసింది. దాని సొంత ఫార్మాట్‌లో చేసిన అరవై ఆల్బమ్‌ల ఫైళ్లు ఇప్పటికీ ఒక డిస్కులో ఉన్నాయి, తెరిచే దిక్కు లేదు. పెద్ద కంపెనీల సరుక్కూ యాక్టివేషన్ సర్వర్ ఉంటుంది, అది ఏదో ఒకరోజు ఆగుతుంది. పాత ఫొటోషాప్ సీఎస్2 సర్వర్‌ను అడోబీ 2013 ప్రాంతంలోనే ఆపేసింది.

అందుకే నన్నెవరైనా అడిగితే ధర కంటే ముందు చూడమనేది ఒకటే, మానేసిన రోజు ఏం మిగులుతుంది? లైట్‌రూమ్ క్లాసిక్ కిరాయి ఆగితే ప్రోగ్రాం తెరుచుకుంటుంది, ఫొటోలు కనపడతాయి, అప్పటిదాకా చేసిన సవరణలతో బయటికి ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. సవరణలు చేసే డెవలప్, ఫొటో తీసిన చోటు చూపే మ్యాప్ ఈ రెండూ మూసుకుపోతాయి. నాకిది పుస్తకంలో చదివి తెలియలేదు. ఒక డిసెంబర్‌లో నా కార్డు గడువు తీరి కొత్తది వచ్చింది, పాత కార్డు మీద ఉన్న ఆటో పేమెంట్ దాంతోనే పోయింది. రిజర్వ్ బ్యాంకు 2021 అక్టోబర్ నుంచి ఈ ఆటో పేమెంట్ల పద్ధతి మార్చింది కదా, డబ్బు పోయే ముందురోజు మెసేజ్ రావాలి, కొత్త కార్డు అయితే మళ్లీ ఓటీపీ కొట్టి ఒప్పుకోవాలి. మెయిళ్లు వచ్చాయి, పెళ్లిళ్ల హడావిడిలో నేనే చూసుకోలేదు. నర్సంపేట పెళ్లి 1,100 ఫొటోల దగ్గర ఉండగా డెవలప్ బూడిదరంగులోకి మారింది. అరగంటలో కట్టేశాను అనుకోండి, కానీ ఆ అరగంట టెన్షన్ నాకు తెలుసు. ఆ రోజు నుంచి ఏడాదిది ఒకేసారి కడుతున్నాను, కార్తీక మాసంలో, చేతిలో పైసలు ఆడేటప్పుడు.

లైట్‌రూమ్‌లో చేసిన సవరణలు వేరే సాఫ్ట్‌వేర్‌లోకి యథాతథంగా రావన్నది కూడా గుర్తుంచుకోండి. ఆ సవరణలు రాసి ఉండే ఎక్స్‌ఎంపీ ఫైలులో స్లయిడర్ల అంకెలు ఉంటాయి, ఆ అంకెలకు అర్థం లైట్‌రూమ్‌కే తెలుసు. నక్షత్రాలు, పేర్లు, కీవర్డులు వస్తాయి, రంగులు రావు. కాబట్టి పెళ్లి అప్పజెప్పగానే ఏరిన ఎనిమిది వందలూ ఫుల్ సైజ్ జేపెగ్‌లుగా, కవర్ ఫొటోలు టిఫ్‌లుగా తీసి డిస్కులో పడేస్తాను.

జీఎస్టీ ఒక్క ముక్కలో చెప్పేస్తా. సాఫ్ట్‌వేర్ మీద 18 శాతం. రెగ్యులర్ జీఎస్టీలో ఉన్న స్టూడియో దాన్ని ఇన్‌పుట్ కింద తిరిగి లెక్కేసుకోవచ్చు, ఏడాది వ్యాపారం 20 లక్షల లోపు ఉండి రిజిస్ట్రేషన్ లేని మాలాంటి చిన్నవాళ్లకు అది పోయిన పైసే.

మా బామ్మర్ది కరీంనగర్‌లో లెక్చరర్, ఆదివారం వస్తే మానేరు డ్యాం ఒడ్డున పిట్టల కోసం పొద్దున్నే కూర్చుంటాడు. ఏడాదికి దాచుకునేవి మహా అయితే మూడు వందల ఫొటోలు. నన్ను చూసి సబ్‌స్క్రిప్షన్ తీసుకుంటానన్నాడు. "ఒద్దు, నువ్వు ఫొటో అమ్ముతున్నవా?" అన్నాను. "లేదు బావా, స్టేటస్‌లో పెడుత." స్టేటస్‌కు ఏడాదికి 9,600 ఎందుకు? డార్క్‌టేబుల్ ఎక్కించి ఇచ్చాను, 2009 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్, రా ఫైళ్ల పనిలో ఎవరికీ తీసిపోదు, కానీ మొదటి నెల ఏడిపిస్తుంది. ఒకే పనికి మూడు మాడ్యూళ్లు ఉంటాయి, ఏది వాడాలో తెలియదు. అతనికి తీరిక ఉంది, ఓపిక ఉంది, నేర్చుకున్నాడు. ఇప్పుడు లకుముకి పిట్ట నీలం రంగు గురించి నాకే పాఠం చెప్తున్నాడు. అదే సలహా సీజన్‌లో ఉన్న స్టూడియోవాడికి ఇస్తే నన్ను కొడతాడు. గింప్ కూడా 2025 మార్చిలో 3.0 వచ్చాక బాగుపడింది, ఫిల్టర్ వేసిన తర్వాత కూడా వెనక్కి వెళ్లి మార్చుకోవచ్చు. ప్రెస్సు రంగుల పద్ధతి సీఎంవైకే అందులో లోటని చాలామంది భయపెడతారు, మన ఆల్బమ్ ల్యాబులు తీసుకునేది ఎలాగూ మామూలు స్క్రీన్ రంగుల (ఎస్ఆర్‌జీబీ) జేపెగ్‌లే, ఫ్లెక్సీలు చేసేవాళ్లు తప్ప మిగతావాళ్లు దాని జోలికి పోనక్కర్లేదు.

ప్రస్తుతం నా స్టూడియోలో ఎట్లా ఉందంటే, కలర్ కరెక్షన్ చేసే కంప్యూటర్‌లో ఒక్క అడోబీ ప్లాన్. అదే ఖాతాను లాప్‌టాప్‌లో కూడా ఎక్కించుకున్నాను, రెండింటిలో ఒకేసారి వాడకూడదు, అంతే. ఆల్బమ్ డిజైన్ రెండు కంప్యూటర్లలో అఫినిటీ, తెలుగు అక్షరాలకు అను. మూడు కంప్యూటర్లకు మూడు కిరాయిలు కట్టే రోజులు పోయాయి, ఏడాదికి దాదాపు 19,000 మిగులుతోంది. పదికి మార్కులు వేయమంటే, పెళ్లి స్టూడియోకు లైట్‌రూమ్ ప్లాన్ ఎనిమిది, ధర పెరుగుదల చూస్తే ఏడు. అఫినిటీ డిజైన్‌కు ఎనిమిది, తెలుగు దగ్గర సున్నా. ఇప్పుడిప్పుడే మొదలుపెట్టి ఏడాదికి నాలుగైదు ఫంక్షన్లు చేసే తమ్ముళ్లు కిరాయి జోలికి పోకండి, ఆ పైసలతో ముందు మంచి ఫ్లాష్ కొనుక్కోండి.

2025 నవంబర్ ఆఖర్లో మళ్లీ మూఢం వచ్చింది, ఫిబ్రవరి నడుమ దాకా పెళ్లిళ్లు లేవు. ప్లాన్ రెన్యువల్ సరిగ్గా దానికి ముందే వచ్చింది. ఈసారి వదిలేద్దామా అని రెండు రోజులు ఊగాను. కానీ జనవరి ఆఖర్లో మేడారం ఉంది, సమ్మక్క వచ్చేది మళ్లీ చీకట్లోనే. ఓటీపీ కొట్టాను.